ఎవరితో పోలిస్తే నయమైంది? గోదావరి పల్లెల్లో మానసిక వైద్య పరిశోధన

గత దశాబ్దంలో పశ్చిమ గోదావరి జిల్లాలో మానసిక ఆరోగ్యం మీద వరసగా రెండు అధ్యయనాలు జరిగాయి. మొదటిది ఏజెన్సీ వైపు 30 గిరిజన గ్రామాల్లో. అక్కడి 5,167 మంది పెద్దవాళ్ళలో 5,007 మందిని ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నలడిగారు. 238 మందికి డిప్రెషన్, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనల్లో ఏదో ఒకదాని ముప్పు ఉన్నట్టు తేలింది. వాళ్ళలో అంతకుముందు ఈ బాధకు వైద్యం చేయించుకున్నవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి డాక్టరుకు చూపించుకోమని చెప్పాక వెళ్ళినవాళ్ళు 30 మంది, అంటే 12.6 శాతం. రెండో అధ్యయనం అదే జిల్లాలో మరో 12 గ్రామాల్లో జరిగింది. 22,046 మందిని పలకరిస్తే 900 మందికి ముప్పు కనిపించింది. అంతకుముందు వైద్యం అందినవాళ్ళు 3.3 శాతమే. అధ్యయనం ముగిసేనాటికి 731 మంది డాక్టరును కలిశారు. అది 81.2 శాతం.

రెండూ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ అనే సంస్థ చేపట్టిన ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ ప్రాజెక్టులోవే. పల్లబ్ మౌలిక్ దానికి నాయకత్వం వహించారు. ప్రశ్నలు అవే, పద్ధతీ దాదాపు అదే. అయినా ఒకచోట ఎనిమిది మందిలో ఒకరు కదిలితే, ఇంకోచోట అయిదుగురిలో నలుగురు కదిలారు. మానసిక వ్యాధులకు ఏ వైద్యం పనిచేస్తుందన్న చర్చ మన దగ్గర సాధారణంగా మందు పేరు దగ్గర మొదలై మందు పేరు దగ్గరే ఆగిపోతుంది. ఆ చర్చ ఈ తేడా దగ్గర మొదలు కావాలని నా అభిప్రాయం.

ప్రాజెక్టు ఎలా నడిచిందో కాస్త దగ్గరగా చూడాలి. ఆశా కార్యకర్త చేతికి ఒక చిన్న ట్యాబ్ ఇచ్చారు. అందులో తెలుగులో ప్రశ్నలుంటాయి. డిప్రెషన్‌కు తొమ్మిది, ఆందోళనకు ఏడు. గడిచిన రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, పనిమీద ఆసక్తి ఉంటోందా, ఆకలి వేస్తోందా, మనసు దిగులుగా ఉంటోందా, ‘నేనెందుకూ పనికిరాను’ అనిపిస్తోందా అని వరసగా సాగుతాయి. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కు. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండుననిపించిందా అని అడుగుతుంది. నాట్ల నుంచి వచ్చి అరుగు మీద కూలబడిన కోడలిని ఈ ప్రశ్న అడగడం ఎంత కష్టమో ఊహించండి. గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంటుంది, పక్కింటావిడ చెవి ఇటే ఉంటుంది. అడిగేది పట్నం నుంచి వచ్చిన పరిశోధకురాలైతే ‘అలాంటిదేం లేదండీ’ అనే జవాబే వస్తుంది. ‘ఏం పిన్నీ, రాత్రిళ్ళు నిద్ర పడుతోందా’ అని రోజూ అడిగే ఊరి ఆశా కాబట్టి కొందరైనా నోరు విప్పారు. అదే ఊరి మనిషి కావడం వల్ల విప్పనివాళ్ళు కూడా కొందరు ఉండే ఉంటారు.

ముప్పు ఉన్నట్టు తేలినవారి వివరాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని డాక్టరు ట్యాబ్‌కు చేరతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ఆధారంగా ఏం అడగాలో, ఏం రాయాలో, ఎవరిని పెద్దాసుపత్రికి పంపాలో అది డాక్టరుకు అంచెలంచెలుగా చూపిస్తుంది. తర్వాత ఎవరి ఇంటికి ముందు వెళ్ళాలో ఆశా కార్యకర్త ట్యాబ్‌లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో కనిపిస్తుంది. వీటికి ముందే ఊళ్ళో ప్రచారం జరిగింది. కరపత్రాలు పంచారు, సినిమా నటుడు మాట్లాడిన వీడియో, జబ్బు పడి కోలుకున్న మనిషి మాట్లాడిన వీడియో చూపించారు, నాటిక వేశారు. ‘పిచ్చి’ అన్న ముద్ర పడుతుందన్న భయం కాస్త సడలితే తప్ప ఆ తొమ్మిది ప్రశ్నలకు నిజమైన జవాబులు రావని వాళ్ళకు తెలుసు.

మరి ఏజెన్సీలో 30 మందే ఎందుకు వెళ్ళారు? బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు కొండ పల్లెల సంగతి తెలిసినవాళ్ళు దీనికి పెద్దగా ఆశ్చర్యపోరు. (ఆ మండలాలు 2022 జిల్లాల పునర్విభజనలో ఏలూరు జిల్లాలోకి వెళ్ళాయి. అధ్యయనం నాటికి పశ్చిమ గోదావరిలోనే ఉన్నాయి.) ఆసుపత్రికి వెళ్ళిరావడమంటే ఒక రోజు కూలి పోవడమే. పైగా ఆటో ఖర్చు. తీరా వెళ్తే ఆ రోజు డాక్టరు ఉంటారో ఉండరో తెలీదు. జ్వరమైతే తప్పదు కాబట్టి వెళ్తారు. దిగులుకు ఒక రోజు కూలి వదులుకోమంటే ఎవరు వదులుకుంటారు? ఏజెన్సీ దాటి డెల్టా వైపు వస్తే రోడ్డుంది, బస్సుంది, కాలువ నీళ్ళున్న పొలముంది. నా దృష్టిలో ఆ రెండు అంకెల మధ్య తేడాలో ఎక్కువ భాగం దూరానిదే, కూలి డబ్బుదే.

ఇక ఫలితాలు. రెండో అధ్యయనంలో ముప్పు ఉన్నవారి డిప్రెషన్ మార్కులు సగటున 13 పైనుంచి 3 దగ్గరకు దిగాయి. ఆందోళన మార్కులు 13 దగ్గరనుంచి 2 దాకా పడిపోయాయి. పత్రికలో ఇంతవరకే రాస్తే పాఠకుడు సంతోషిస్తాడు. కానీ ఇక్కడ ఆగి ఒక ప్రశ్న అడగాల్సిందే. ఎవరితో పోలిస్తే?

ఎందుకంటే ఈ రెండు అధ్యయనాల్లోనూ వైద్యం అందని ఊళ్ళు లేవు. ముందు, తర్వాత అనే పోలిక మాత్రమే ఉంది. దిగులు చాలామందికి అలలా వస్తుంది, పోతుంది. బాధ బాగా పెరిగిన రోజునే మనిషి మార్కుల లెక్కలోకి ఎక్కుతాడు. కొన్ని నెలల తర్వాత మళ్ళీ కొలిస్తే, ఏ మందూ వేసుకోకపోయినా కొంత తగ్గే ఉంటుంది. పంట డబ్బు చేతికొచ్చి ఉండవచ్చు, కూతురి పెళ్ళి కుదిరి ఉండవచ్చు, పోయినవాళ్ళ సంవత్సరీకం దాటిపోయి ఉండవచ్చు. రెండోసారి అవే ప్రశ్నలు అడిగేటప్పుడు, ఇన్నాళ్ళూ తనకోసం తిరిగిన ఆశాకు ‘బాగానే ఉందమ్మా’ అని చెప్పాలనే మర్యాద కూడా పనిచేస్తుంది. దీన్ని ఎవరూ మోసం అనుకోనక్కర్లేదు. మనిషి స్వభావమే అంత. దానికోసమే పోలిక కావాలి.

ఇదే సంస్థ ఇదే జిల్లాలో గుండెజబ్బుల ముప్పు మీద చేసిన పరిశోధన ఇందుకు మంచి సాక్ష్యం. 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, 54 గ్రామాలు. అక్కడా ఆశాలే, ట్యాబ్‌లే. ఊళ్ళకు ఒకేసారి కాకుండా చీటీలు వేసినట్టు విడతలవారీగా పథకాన్ని ఇస్తూ, అందిన ఊళ్ళనూ ఇంకా అందని ఊళ్ళనూ పోల్చారు. రక్తపోటు అదుపులోకి వచ్చినవారి శాతంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పోలిక లేకుండా చేసి ఉంటే ఆ పథకం గెలిచిందనే అనుకునేవాళ్ళం. ఓడిపోయిన ఫలితాన్నీ అచ్చువేసినందుకు ఆ పరిశోధకుల్ని మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి.

మానసిక ఆరోగ్యానికి ఆ గట్టి పరీక్ష తర్వాత జరిగింది. పశ్చిమ గోదావరితో పాటు హర్యానాలోని ఫరీదాబాద్, పల్వల్ జిల్లాలు కలిపి 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను తీసుకున్నారు. ఏ కేంద్రానికి పూర్తి పథకం, దేనికి మామూలు వైద్యం అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు. ముప్పు ఉన్న మూడు వేల పైచిలుకు మందిని ఏడాది పాటు గమనించారు. పథకం అందినచోట దాదాపు నాలుగింట మూడు వంతుల మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. అందని చోట దాదాపు సగం మంది. అంటే పథకం పనిచేసింది, అనుమానం లేదు. కానీ పథకం అందనివారిలోనూ సగం మంది తేరుకున్నారన్నది అంతే ముఖ్యమైన సంగతి. పథకం వల్ల వచ్చిన అసలు మేలు ఆ రెండింటి మధ్య తేడా మాత్రమే. నలుగురిలో ఒకరికి. నాకు ఇది చిన్న మేలుగా తోచదు. ఒక మండలంలో వెయ్యి మంది బాధపడుతుంటే, అందులో సుమారు రెండు వందల యాభై కుటుంబాల్లో పొయ్యి మళ్ళీ వేళకు వెలుగుతుంది.

ఇప్పుడు మందుల సంగతి. మానసిక వ్యాధులకు ఆధునిక ఔషధాల కథ 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్‌తో మొదలైందని పుస్తకాలు రాస్తాయి. కానీ అంతకు ముందే, 1931లో, కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ సర్పగంధి వేరును రక్తపోటుకూ ఉన్మాదానికీ వాడి ఫలితాలు ప్రకటించారు. ఆ వేరు నుంచి 1952లో రిసర్పిన్‌ను వేరుచేశారు. దుష్ప్రభావాల వల్ల తర్వాత మానసిక వైద్యం నుంచి అది తప్పుకుంది. మన చేతిలో ఉన్న మూలికను పరీక్షకు పెట్టే ధైర్యం ఒకప్పుడు మన వైద్యులకే ఉండేదని చెప్పడానికే దీన్ని ప్రస్తావించాను.

డిప్రెషన్ మందులు పనిచేస్తాయా అన్నదానికి 2018లో లాన్సెట్‌లో వచ్చిన సమీక్ష చాలా పెద్దది. 522 పరీక్షలు, లక్షా 16 వేల పైచిలుకు రోగులు, 21 మందులు. అన్నీ ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగేనని తేలింది, అయితే ఆ మెరుగు మరీ పెద్దదేం కాదు. దీనికి ఒక చేదు పూర్వరంగం ఉంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దగ్గర నమోదైన 74 డిప్రెషన్ మందుల పరీక్షలను 2008లో ఎరిక్ టర్నర్ బృందం తిరగేసింది. మందుకు అనుకూలంగా వచ్చిన 38లో 37 అచ్చయ్యాయి. అనుకూలంగా రాని 36లో 22 అచ్చే కాలేదు. ఇంకో 11 ఫలితం బాగున్నట్టు కనిపించేలా రాసుకుని అచ్చయ్యాయి. అంటే ప్రపంచంలోని డాక్టర్లందరూ చదివింది సగం కథే. పరీక్ష మొదలుపెట్టే ముందే నమోదు చేయాలన్న నియమం ఇలాంటి అనుభవాల నుంచే పుట్టింది. మన దేశంలో ఆ రిజిస్ట్రీ 2007లో వచ్చింది, 2009 నుంచి తప్పనిసరి అయింది.

మాటలతో చేసే వైద్యం విషయంలో మనవాళ్ళకు దారి చూపింది గోవా. అక్కడ వైద్య డిగ్రీ లేని, శిక్షణ మాత్రం పొందిన స్థానిక మనుషులు ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని మాట్లాడారు. రోజూ చేసే పనుల్లో ఏది మళ్ళీ మొదలుపెట్టాలో, ఎవరిని కలవాలో కలిసి తేల్చుకోవడం దాని సారం. 2017లో వచ్చిన ఫలితం ప్రకారం మూడు నెలలకు 64 శాతం మంది డిప్రెషన్ నుంచి తేరుకుంటే, పోలిక బృందంలో 39 శాతం. మద్యం అతిగా తాగే మగవాళ్ళకు ఇలాంటి కౌన్సెలింగ్ ఇస్తే 36 శాతం మంది అందులోంచి బయటపడ్డారు, పోలిక బృందంలో 26 శాతం. గోదావరి జిల్లాల్లో మద్యం ఎన్ని ఇళ్ళు కూల్చిందో నేను చెప్పక్కర్లేదు. ఇలాంటి పరీక్ష కోనసీమలోనో, కొవ్వూరులోనో జరగాలి.

గోవాలో అంతకుముందు జరిగిన ‘మానస్’ పరీక్షలో ఒక విచిత్రం కనిపించింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కౌన్సెలర్‌ను పెట్టినచోట కోలుకున్నవారు 66 శాతం, పెట్టనిచోట 42 శాతం. ప్రైవేటు డాక్టర్ల దగ్గర మాత్రం పెట్టినా పెట్టకపోయినా రెండుచోట్లా 65 శాతం దరిదాపుల్లోనే. ఏళ్ళ తరబడి ఆ కుటుంబాన్ని ఎరిగిన డాక్టరు కాసేపు కూర్చోబెట్టి మాట్లాడటమే సగం వైద్యం అయి ఉండవచ్చు. మన పల్లెల్లో ఆ స్థానంలో ఆర్ఎంపీ ఉంటాడు. గుండె దడ, తల భారం, ఒళ్ళు నొప్పులు, నీరసం అంటూ దిగులు ముందుగా వెళ్ళేది ఆయన దగ్గరకే. ఆయన సెలైన్ ఎక్కిస్తాడు, బి కాంప్లెక్స్ ఇస్తాడు, ఒక్కోసారి నిద్ర మాత్ర కూడా. ఆయన చేసే మేలెంతో కీడెంతో పరీక్షించకుండా గోదావరి జిల్లాల్లో మానసిక వైద్యం గురించి మాట్లాడటం అసంపూర్ణం. నిద్ర మాత్రల అలవాటు విషయంలో నాకు నిజంగా భయముంది.

తీవ్రమైన వ్యాధుల దగ్గరకు వచ్చేసరికి పరిస్థితి వేరు. పైన చెప్పిన ప్రాజెక్టు అంతా డిప్రెషన్, ఆందోళనల గురించే. స్కిజోఫ్రీనియా ఉన్న కొడుకును ఇరవై ఏళ్ళుగా సాకుతున్న తల్లికి అందులో చోటు లేదు. ఆవిడకు ఇప్పటికీ కాకినాడ జనరల్ ఆసుపత్రో, విశాఖ మానసిక వైద్యశాలో, రాజమండ్రి ప్రైవేటు క్లినిక్కో దిక్కు. మందులు ఈ వ్యాధిలో బాగానే పనిచేస్తాయి, కానీ మనుషులు వాటిని మానేస్తారు. అమెరికాలో 1,493 మందితో జరిగి 2005లో ఫలితాలు వెలువడిన పెద్ద పరీక్షలో ఏడాదిన్నరలో 74 శాతం మంది తమకు కేటాయించిన మందును వదిలేశారు. మన దేశంలో తమిళనాడు, గోవా, మహారాష్ట్రల్లో 282 మందితో జరిగిన అధ్యయనంలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి వెళ్ళి మందు, పని, కుటుంబం అన్నీ కలిపి చూసుకున్నారు. 2014లో వచ్చిన ఫలితం పరిమితమే అయినా, మనిషి మళ్ళీ తన పనులు తాను చేసుకోగలగడంలో మేలు కనిపించింది. ఆ మేలు పల్లె ప్రాంతమైన తమిళనాడు కేంద్రంలోనే ఎక్కువ. గోదావరి డెల్టాకు అన్నిటికన్నా దగ్గరి నమూనా ఇదే.

కరెంటు షాక్ గురించి ఒక్క మాట. మన సినిమాలు దాన్ని శిక్షగా చూపించి చూపించి జనంలో భయం పాతేశాయి. తీవ్రమైన డిప్రెషన్‌లో అది బాగా పనిచేస్తుందని పోలిక పరీక్షలే చెబుతున్నాయి. మత్తు ఇవ్వకుండా దాన్ని ఇవ్వడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నిషిద్ధం.

మన దగ్గర ఎక్కువమంది మొదట చేసే వైద్యం వేరే ఉంది. గాలి సోకిందని రక్షరేకు కట్టించడం, గుళ్ళో నిద్ర చేయించడం. దీన్ని ఎగతాళి చేసి వదిలేయడం తేలిక, పరీక్షించడం కష్టం. తమిళనాడులో ముత్తుస్వామి గుడి దగ్గర ఉండటానికి వచ్చిన 31 మంది రోగులను బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు గమనించి 2002లో ఫలితాలు ప్రకటించారు. సగటున ఆరు వారాలు ఉండేసరికి లక్షణాల మార్కులు దాదాపు 20 శాతం తగ్గాయి. అక్కడ ప్రత్యేకమైన తంతులేమీ లేవు. మనిషిని వెళ్ళగొట్టకుండా, భయపెట్టకుండా ఉండనిచ్చారు, అంతే. అది ఆసక్తి రేపే ఫలితమే గాని ఇందులోనూ పోలిక బృందం లేదు. ఆ ఫలితాలు రావడానికి ఒక్క ఏడాది ముందే అదే రాష్ట్రంలో ఎర్వాడి దర్గా దగ్గర గొలుసులతో కట్టేసిన రోగులు అగ్నిప్రమాదంలో చిక్కుకుని 28 మంది చనిపోయారు. ఆశ్రయం ఇచ్చే చోటుకూ గొలుసు వేసే చోటుకూ తేడా తెలుసుకుని, మొదటిదాన్ని డాక్టరు మందుతో కలిపి పరీక్షకు పెట్టడం మన పరిశోధకులు చేయదగ్గ పని.

ఆత్మహత్యల నివారణలో ఇంగితం చెప్పే మాట కూడా ఓడిపోగలదు. పురుగు మందు డబ్బాకు తాళం ఉంటే ప్రాణాలు నిలుస్తాయని ఎవరైనా అనుకుంటారు. శ్రీలంకలో 180 గ్రామాల్లో సగం ఊళ్ళకు తాళమున్న పెట్టెలిచ్చి చూశారు. 2017లో వచ్చిన ఫలితంలో తేడా కనిపించలేదు. ఆ దేశంలో పనిచేసింది మరీ విషపూరితమైన మందులను బజారు నుంచే తొలగించడం. వరి చేలకు మందు కొట్టే డెల్టాలో ఈ ఫలితాన్ని వ్యవసాయ శాఖ కూడా చదవాలి.

పరిశోధనకు గ్రామాలు తలుపు తెరవాలంటే నమ్మకం కావాలి. గోదావరి పైభాగాన, అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం ప్రాంతంతో సహా 2009లో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార కేన్సర్ టీకా అధ్యయనం జరిగింది. చాలామంది విషయంలో తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. మానసిక వ్యాధిగ్రస్తుడి సమ్మతి ఇంతకన్నా సున్నితమైనది. తొమ్మిదో ప్రశ్నకు ‘అవును’ అన్న అమ్మాయి జవాబు ఆ ఇంటి గుమ్మం దాటితే ఆమె పెళ్ళి సంబంధం దాకా వెళ్తుంది.

2015-16లో నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. కాబట్టి పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశాలు సేకరించిన ఆ వేల జవాబులు తెలుగు నేలకు చాలా విలువైనవి. వాటిని ఇచ్చిన ఊళ్ళకు ఫలితం తెలుగులో, గ్రామసభలో, ఆ ఆశాల నోటితోనే తిరిగి చెప్పాలి. పరిశోధన నిధులు ఆగిపోయి, ట్యాబ్‌లు వెనక్కి వెళ్ళిపోయిన మూడేళ్ళకు, అయిదేళ్ళకు అదే మనుషుల దగ్గరకు వెళ్ళి మళ్ళీ అడగాలి. ఈసారి ఆ పని జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం సొంత ఖర్చుతో చేయాలి, రెండో అధ్యయనంలో డాక్టరు దగ్గరకు రాని 169 మంది ఇళ్ళతో మొదలుపెట్టాలి.